నాలుగో చోటు నీళ్లు

తెనాలి రైల్వే స్టేషన్,
సోమవారం ఉదయం.

చిరంజీవి రోహిత్‌కు అమ్మ నిండు మనసుతో దీవించి రాస్తున్నది.

ఇక్కడ మేమందరం కులాసాగానే ఉన్నాం. అంటే ఎవరికీ జ్వరాలు లేవు, నాయనమ్మకి మోకాళ్లు తప్ప మరే బాధా లేదు, గేదె ఈనింది, పెయ్యదూడ. అంతకు మించి కులాసాయేనా అంటే ఉత్తరం మొత్తం చదివి నువ్వే తేల్చుకో. నువ్వు ఆ కొండల మీద ఒంట్లో బాగా ఉండి, వేళకి తింటున్నావని అనుకుంటున్నాను.

నీ ఉత్తరం శుక్రవారం అందింది. ఫోన్లో అయితే బాగున్నావా, తిన్నావా అనుకునేలోపే నీ లైను తెగిపోతుంది. అందుకని నువ్వడిగినవాటికి కాగితం మీదే జవాబు రాస్తున్నాను. కావలసినంత తీరిక కూడా ఉంది. రేపల్లె నుంచి నేనెక్కిన బండి ఇవాళ కూడా దారిలో పొలాల మధ్య ఆగి, ఎందుకాగిందో ఎవరికీ చెప్పకుండా మళ్లీ బయల్దేరింది. తెనాలిలో దిగేసరికి బాపట్ల వెళ్లే బండి చివరి పెట్టె కనిపించింది. రెండేళ్లుగా ఇదే వరస. నా బండి ఆలస్యమైన రోజు అది టైముకి వెళ్లిపోతుంది. నేను టైముకి వచ్చిన రోజు అది రాదు. ఈ స్టేషన్లో టీ అమ్మే అతను నన్ను చూడగానే 'పోయిందా అక్కా?' అని అడుగుతాడు. పోయిందని చెబితే టీ ఇస్తాడు. ఉందని చెప్పిన రోజు అతనికి నష్టం.

తింటున్నావా అని అడిగావు. తింటున్నాను. బాపట్లలో నేనూ జెస్సీ ఒకే గదిలో ఉంటున్నామని రాశాను కదా. మా క్లాసు పిల్ల, పొన్నూరు వాళ్లు, నీకంటే ఏడాది చిన్నది. వంట అదే చేస్తుంది. దాని చేతికి కారం తప్ప మరో రుచి తెలియదు. పోనీ నేను వండుతానంటే, 'వద్దులే అక్కా, నువ్వు ముందు ఆ మూడో చాప్టర్ పూర్తి చెయ్యి, నీ వల్ల సార్ నన్ను కూడా తిడుతున్నాడు' అంటుంది. చేరిన కొత్తలో ఆంటీ అనేది, ఒకే గదిలో ఉంటూ ఆంటీ ఏంటని నేనే మాన్పించాను. మిగతావాళ్లకి ఇప్పటికీ ఆంటీనే. సార్ హాజరు పిలుస్తూ కనకదుర్గ అనగానే వెనక బెంచీ నుంచి ఎవడో ఒకడు 'ఆంటీ వచ్చారు సార్' అని నా బదులు చెబుతాడు. నా నోటితో నేను హాజరు చెప్పుకుని ఎన్నాళ్లయిందో.

గోంగూర పచ్చడి సీసా మూత ఊడిపోయి నీ ఉన్ని బట్టలన్నీ నూనె అయ్యాయని రాశావు. ఆ సీసాని కట్టింది మీ నాన్న. అంతకంటే నేనేమీ అనను.

చదువు అయిపోయిందా అని అడిగావు చూడు, అక్కడ నాకు ఒళ్లు మండింది. నన్ను ఇందులోకి తోసింది ఎవరు? మిలిటరీ ట్రైనింగ్ అయ్యాక సెలవుకొచ్చి, 'అమ్మా, డిగ్రీ ఎట్లాగూ ఇంట్లో కూర్చుని చదివేశావు, పీజీ కూడా చెయ్యి, పర్యావరణం అంటే నీకిష్టం కదా' అని అప్లికేషను నింపింది నువ్వు. ఫోటో సరిగా రాలేదని స్టూడియోకి తీసుకెళ్లింది నువ్వు. పెరట్లో మొక్కలు పెంచడం ఇష్టమంటే అది పర్యావరణ శాస్త్రం కాదని నాకేం తెలుసు? ఇందులో లెక్కలున్నాయి, రసాయనాలున్నాయి, చట్టాలున్నాయి. కంప్యూటర్లో గీసే మ్యాపులున్నాయి. ఆ మ్యాపులో రేపల్లెను ఒకసారి నడి సముద్రంలో పెట్టాను. జెస్సీ రెండు రోజులు నవ్వింది.

ఇక మా గైడ్ బ్రహ్మయ్య సార్ సంగతి. నాకంటే రెండేళ్లు చిన్నవాడు. చెడ్డవాడు కాదు, కానీ ఒక మాట మీద ఉండడు. ప్రాజెక్టుకి విషయం ఎంచుకోమన్నప్పుడు నేను మన ఊరి పక్క పారే డ్రెయిను కాలవ నీళ్లు పరీక్ష చేస్తానన్నాను. ఎందుకంటే అది ఇంటికి దగ్గర, వారం చివర్లో నాయనమ్మకి వండిపెట్టి పని చేసుకోవచ్చు. సార్ తల అడ్డంగా ఊపి, 'మీరు గృహిణి కదండీ, తడిచెత్త పొడిచెత్త మీద తెనాలి గృహిణుల అవగాహన అని సర్వే చెయ్యండి, మీకు తేలిగ్గా ఉంటుంది' అన్నాడు. తెనాలిలో ఇంటింటికీ తిరిగి తలుపు కొట్టి, అమ్మా మీ చెత్త ఎట్లా వేరు చేస్తారని అడగడం ఎందులో తేలికో నాకు అర్థం కాలేదు. నెల రోజులు వెంటపడి నీళ్లకి ఒప్పించాను. ఒప్పుకున్నాక అసలు ఈ ఆలోచన తనదే అని డిపార్ట్‌మెంటులో చెప్పుకున్నాడు.

బండి వస్తోందంటున్నారు. ఏ ప్లాట్‌ఫాం మీదికో మాత్రం చెప్పడం లేదు. మిగతాది బాపట్లలో.

*

బాపట్ల,
బుధవారం.

కరెంటు లేదు. మా ల్యాబులో నీళ్ల సీసాలు చల్లగా ఉంచే పెట్టె ఆగిపోయింది. జెస్సీ ఐసు కోసం వెళ్లింది. నేను వరండాలో కూర్చుని ఇది రాస్తున్నాను.

నీళ్ల పని అంటే ఏం చేస్తావని అడిగావు కాబట్టి చెబుతున్నాను. మన ఊరి పై నుంచి పల్లెపాలెం దాటేదాకా డ్రెయిను గట్టు వెంట ఏడు చోట్లు పెట్టుకున్నాను. ప్రతి చోటా సీసాని అవే నీళ్లతో కడిగి, మునిగేలా పట్టి, మూత బిగించి, చోటు పేరు రాసి, థర్మాకోల్ పెట్టెలో ఐసు మధ్య సర్దాలి. ఎండెక్కకముందే పని ముగించుకుని రేపల్లెలో బండి ఎక్కాలి. ఆ పెట్టె పట్టుకుని రైలు ఎక్కానంటే చాలు, ఎదురుగా కూర్చున్నవాళ్లు మొదలుపెడతారు.

'రొయ్యలా వదినా? కేజీ ఎంత?'

'రొయ్యలు కాదమ్మా, నీళ్లు.'

'నీళ్లు అమ్మటానికి బాపట్ల దాకా పోతన్నావా?'

ఒకావిడ నేను అబద్ధం చెబుతున్నానని మూత తీయించి చూసింది. చూసి, 'ఇయ్యి మా ఇంటి ముందు కూడా ఉన్నయ్యి కదా' అంది. ప్రతిసారీ ఇదే సంభాషణ. మనుషులు మారతారు, అంతే.

ఉప్పు చూసే పరీక్షలో సిల్వర్ నైట్రేట్ అని ఒక ద్రావణం వాడతాం. చుక్క వేలి మీద పడితే నల్లమచ్చ, వారం దాకా పోదు. నాయనమ్మ నా వేళ్లు చూసి, తన పేరు తనే చెప్పుకుంటూ, 'విజయమ్మ కోడలు జీడిపిక్కలు కొట్టే పనికి పోతంది అనుకుంటారే' అని బాధపడింది. ఆమెకి నా చదువు మీద కోపం లేదు. నీళ్లు చూడటానికి బాపట్ల ఎందుకు, చెంబుతో ముంచుకుని చూస్తే చాలదా అన్నదే ఆమె అనుమానం.

రాసినదంతా కంప్యూటర్లో పెట్టి ఎవరి దగ్గరా కాపీ కొట్టలేదని తేల్చాలి. అదొక యంత్రం. నా ప్రాజెక్టు మొదటి పేజీలో 'ఇది నా సొంత పని అని ధ్రువీకరిస్తున్నాను' అని ఒక వాక్యం ఉంటుంది. అందరూ అదే రాస్తారు. యంత్రం ఆ వాక్యాన్నే ఎర్రగా చూపించి, ఇది కాపీ అంది. సార్ దాన్ని మార్చమన్నాడు. ఆ వాక్యం మార్చకూడదని రూలు. రూలు మార్చమని ఆఫీసులో అడిగితే సార్‌ని అడగమన్నారు. మూడు రోజులు ఇట్లా తిరిగాను రోహిత్. నాకు నలభై మూడేళ్లు.

సరే. నువ్వు అడిగిన వాటిలో ఒకటి ఇంకా మిగిలింది. నాన్న ఫోన్లో ఎందుకట్లా ముక్తసరిగా మాట్లాడుతున్నారు, మీ ఇద్దరూ పోట్లాడుకున్నారా అని. ఇంతసేపూ రైళ్లూ సీసాలూ అంటూ తిరిగింది ఆ ప్రశ్న దగ్గరికి రాలేకనే. ఇప్పుడు రాస్తాను. కూర్చుని చదువు.

ఏడు చోట్లలో మూడో చోటు దాకా నీళ్లు దాదాపు ఒక్కలాగే ఉన్నాయి. నాలుగో చోట ఉప్పు ఒక్కసారిగా పెరిగింది. మొదటిసారి నా చేతి తప్పనుకున్నాను. రెండోసారి జెస్సీ చేత చేయించాను. తర్వాత ప్రతి నెలా అంతే. మూడో చోటుకీ నాలుగో చోటుకీ మధ్య ఉన్నది ఒక్కటే తూము. మిగతా రైతుల చెరువుల తూములు, మన పాత చెరువులవి కూడా, పాలెం దాటాక కిందెక్కడో కలుస్తాయి. ఈ ఒక్కటే పాలేనికి ఎగువన ఉంది. నాలుగో చోటుకి కాస్త కిందుగా డ్రెయిను గట్టును ఆనుకునే పాలెం వాళ్ల మంచినీళ్ల చెరువు. గట్టు కింద నుంచి ఊట అందులోకి పోతోంది. ఎవరి తూమో నీకు చెప్పక్కర్లేదనుకుంటాను. ముందక్కడ వరి పండేది.

పేరంటాలు నీకు గుర్తుండే ఉంటుంది. నీ చిన్నప్పుడు మన వీధికి చేపలు తెచ్చేది, నువ్వు దాని బుట్టలో పీతలు చూడటానికి పరిగెత్తేవాడివి. దాని ఇల్లు ఆ మంచినీళ్ల చెరువు పక్కనే. నేను సీసాలు పట్టుకుని పోయిన ప్రతిసారీ గట్టు మీదికొచ్చి నిలబడుతుంది. మొదట్లో నవ్వుతూ పలకరించేది. తర్వాత్తర్వాత నవ్వడం మానేసింది. డిసెంబర్లో ఒకరోజు నా చెయ్యి పట్టుకుని ఆపింది.

'దుర్గమ్మా, ఏడాది నించీ నీళ్లు పట్టుకుపోతన్నావు. ఏం తేలింది?'

'ఇంకా పూర్తవలేదు పేరంటాలూ, పరీక్షలున్నాయి.'

'మా కోడలికి కాన్పయి నెల. ఆ పిల్లకి తాగటానికి టిన్ను నీళ్లు కొంటన్నాం. వంటకి ఈ చెరువు నీళ్లే. అన్నం వండితే ఉప్పెయ్యక్కర్లేదు. నీ పరీక్షలయ్యాక నువ్వు సర్టిఫికెట్టు తీసుకుని పోతావు. మాకేం చెబుతావో అది చెప్పి పో.'

కోపంగానే అంది. నాకూ కోపం వచ్చింది. నాకు కష్టం లేదా, నేనేం ఆటలాడుతున్నానా అనుకుంటూ ఇంటికొచ్చాను. రెండు రోజులు ఆ కోపంతోనే ఉన్నాను. కోపం ఎవరి మీదో తెలుసుకోవడానికి అంతసేపు పట్టింది.

మీ నాన్నకి చెప్పాను. ఆయన కాదనలేదు. అదే విచిత్రం. భోజనం దగ్గర తల ఎత్తకుండా విని, 'ఏడు చోట్లు ఎందుకే, ఆరు చాలవా? నాలుగోది తీసెయ్. పాలెం చెరువు సంగతి నేను తర్వాత చూస్తా' అన్నారు. సరే, మర్నాడు బాపట్ల వచ్చి బ్రహ్మయ్య సార్‌కి ఉన్నదున్నట్టు చెప్పాను. సార్ కళ్లజోడు తీసి తుడుచుకుని, 'మేడమ్, నాలుగో చోటు వదిలెయ్యండి. ఆరు చోట్లతో కూడా మంచి ప్రాజెక్టే అవుతుంది. మీ ఇంటి గొడవ నా మీదికి తేకండి' అన్నాడు. మీ నాన్నా, మా సారూ ఒకరినొకరు ఎప్పుడూ చూడలేదు. దేవుడు దిగొచ్చి చెప్పినా ఏకీభవించని మనుషులు. ఇద్దరికీ నాలుగో చోటు మీద మాత్రం ఒకటే మాట.

జనవరి ఇరవై ఆరున పాలెం బడిలో గ్రామసభ పెట్టారు. జెండా ఎగరేశాక, పిల్లలకి బిళ్లలు పంచాక, మండలం నుంచి వచ్చిన ఆఫీసరు నీళ్ల సంగతి ఎత్తాడు. మీ నాన్న చెరువుల రైతులతో ముందు వరసలో కూర్చున్నారు. నేను ఆడవాళ్లతో గోడవారగా నిలబడ్డాను. పేరంటాలు లేచి చెరువు ఉప్పెక్కిందని చెప్పింది. రైతుల్లో ఒకాయన 'సముద్రం దగ్గర ఊరు, ఉప్పు కాకపోతే తీపుంటదా' అన్నాడు. అందరూ నవ్వారు. ఆఫీసరు కూడా నవ్వి, 'అవునమ్మా, సముద్రపు పోటు వల్ల కొంచెం వస్తుంది, దానికి మేమేం చేస్తాం' అని కాగితం తిరగేశాడు.

మీ నాన్న మాత్రం నవ్వలేదు. తల వంచుకుని ఉన్నారు. ఆయన నవ్వి ఉంటే నేను ఊరుకునేదాన్నేమో, నాకు తెలియదు.

నేను ముందుకెళ్లి, పోటు వల్ల కాదండి అన్నాను. పోటు వల్ల అయితే సముద్రానికి దగ్గరగా ఉన్న చోట ఎక్కువ ఉప్పుండాలి, పైకి వచ్చేకొద్దీ తగ్గాలి. ఇక్కడ మధ్యలో ఒక్కసారిగా పెరుగుతోంది, అక్కడొక రొయ్యల చెరువు తూముంది, రొయ్యలు పట్టుబడి చేసిన ప్రతిసారీ నీళ్లు అందులోంచే వదులుతున్నారు, పట్టుబడి లేని రోజుల్లో కూడా అడుగు నుంచి ఊరుతోంది అని చెప్పాను. ఇంతా చెప్పింది నేనేనా అనిపించింది. హాజరు కూడా చెప్పుకోలేని దాన్ని కదా.

ఆఫీసరు నిటారుగా కూర్చున్నాడు. 'ఎవరిదమ్మా ఆ చెరువు?'

'మాదేనండి.'

ఆయన కలం తీశాడు. 'మీ ఆయన పేరు?'

'ఆయన పేరు యలమంద అండి. కానీ చెరువు ఆయన పేరు మీద లేదు. మా అబ్బాయి పేరు మీద ఉంది. రోహిత్.'

నీకు చెప్పకుండా దాచింది అదే. నువ్వు మొదటి ఏడాది జీతం మొత్తం పంపి తవ్వించుకున్న చెరువు. సర్వీసు నాలుగేళ్లు పూర్తయ్యాక వచ్చి చేసుకుంటానని, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఎన్ని పెట్టాలో కూడా రాసి పంపిన చెరువు. నువ్వు తుపాకీ పట్టుకుని ఎక్కడో కాపలా కాస్తున్న రిపబ్లిక్ దినం నాడు, నీ తల్లి జనం ముందు నీ పేరు చెప్పి రాయించింది. ఎవరూ బలవంతం చెయ్యలేదు. మా చెరువు అని ఊరుకుంటే ఆఫీసరు మీ నాన్న పేరు రాసుకునేవాడు, తర్వాత మీ నాన్నే మోసేవారు. కానీ రికార్డులో ఉన్నది నీ పేరు. సగం నిజం చెప్పడానికైతే అంతదూరం నడిచి వెళ్లడం ఎందుకనిపించింది.

నోటీసు పోయిన వారం నీ పేరు మీదే వచ్చింది. నెల లోపల జవాబివ్వాలి. పాలేనికి నీళ్ల ట్యాంకరు రోజు విడిచి రోజు వస్తోంది.

అప్పటి నుంచి మీ నాన్న నాతో మాట్లాడటం లేదు. ఏం కావాలన్నా నాయనమ్మ ద్వారా. 'అమ్మా, నీ కోడల్ని మజ్జిగ తెమ్మను.' నాయనమ్మకి సగం వినపడదు. 'మంచమా? మంచం ఎందుకురా ఇప్పుడు?' మజ్జిగ అడిగిన మనిషికి నేను మంచం వెయ్యాలా? పోనీ మజ్జిగే ఇస్తే, నాతో మాట్లాడినట్టవుతుందని తాగరు. ఇంట్లో ఉన్న రెండు రోజులూ ఇదే భాగోతం. అత్తా కోడళ్ల మధ్య మొగుడు నలిగాడని వింటాం. మా ఇంట్లో తల్లి నలుగుతోంది.

రైతులు కొందరు పలకరించడం మానేశారు. పేరంటాలు మాత్రం నేను గట్టు మీద కనిపిస్తే మళ్లీ నవ్వుతోంది. దానికీ నాకు సంతోషంగా లేదు, సిగ్గుగా ఉంది.

సార్‌కి గ్రామసభ సంగతి తెలిసింది. పిలిచి, 'నాలుగో చోటు ఉంచుకోండి. కానీ అది మీ కుటుంబం చెరువని మొదటి పేజీలోనే రాయండి, రేపు ఎవరూ వేలెత్తకుండా' అన్నాడు. రెండేళ్లలో ఆయన చెప్పిన వాటిలో పనికొచ్చే మాట అదొక్కటే. రాశాను.

జెస్సీ ఐసుతో వచ్చింది. కరెంటూ వచ్చింది. రెండూ ఒకేసారి రావడం ఇక్కడ ఆనవాయితీ.

*

రేపల్లె దగ్గర, మన ఇల్లు,
ఆదివారం మధ్యాహ్నం.

ఈ ఉత్తరం నిన్న రేపల్లెలో పోస్టు చేద్దామనుకుని, చెయ్యకుండా ఇంటికి తెచ్చాను. మంచి పనే అయింది.

ఇవాళ పొద్దున వంటింట్లో ఉన్నాను. మీ నాన్న బండి మీద ఎక్కడికో వెళ్లొచ్చి, నాయనమ్మని దాటుకుని నేరుగా నా దగ్గరికి వచ్చారు. చేతిలో ఒక కూల్‌డ్రింక్ సీసా, సగం నీళ్లు. వంటగట్టు మీద పెట్టారు.

'దీంట్లో ఉప్పెంతుందో చూడు.'

నెల తర్వాత నాతో అన్న మొదటి మాట అది. నాకు సంతోషం రావాలి. సీసా చూడగానే ఒళ్లు మండింది. అడుగున ఇంకా డ్రింకు జిగురు ఉంది, మూత వదులు, ఎండలో బండికి తగిలించి తెచ్చారు.

'ఎక్కడివి ఇవి?'

'పాలెం చెరువులోయి.'

'ఇట్లా తెస్తే పనికిరావండీ. సీసా కడగాలి, ఐసులో పెట్టాలి, ఏ వేళప్పుడు ముంచారో రాయాలి. రెండేళ్ల నుంచి చెబుతున్నాను ఈ ఇంట్లో, ఒక్కరికైనా చెవికెక్కిందా?'

'పనికిరావని నాకూ తెలుసు,' అన్నారు. 'అక్కడే దోసిట్లో పోసుకుని తాగి చూశా.'

పొయ్యి మీద కూర మాడుతున్నా నేను కదల్లేదు.

'మరి నాకెందుకు తెచ్చారు?'

'ఏం చెప్పి మొదలుపెట్టాలో తెలీక,' అన్నారు.

తర్వాత పీట వేసుకుని కూర్చుని చాలాసేపు మాట్లాడారు. పొద్దున పేరంటాలు ఇంటి ముందు బండి ఆపారట. ఎవరూ ఏమీ అనలేదట. కోడలు చంటిబిడ్డని ఎత్తుకుని గుమ్మంలో నిలబడి ఉందట. ఒకావిడ కూర్చోండి బాబూ అని కుర్చీ వేసిందట. తిట్టి ఉంటే బాగుండేదే అన్నారు. ఆయన ఆలోచన ఇది. నీ చెరువులో ఉప్పునీళ్లు పెట్టడం ఆపెయ్యాలి. రెండు మూడు సార్లు కాలవ నీళ్లు కట్టి, పాత చెరువుల వైపు పైపు వేసి తోడేసి, ఉప్పు కడగాలి. ఆ తర్వాత మంచినీళ్ల చేప వెయ్యాలి, బొచ్చె, శీలావతి. రొయ్యంత రాదు. రొయ్యలో సగం కూడా రాదు. నువ్వు వచ్చి చేసుకుంటానన్న పని అది కాదు, నువ్వు వేసుకున్న లెక్క అది కాదు. మాకిద్దరికీ తెలుసు.

'చెరువు వాడిది. వాణ్ణి అడుగు,' అన్నారు.

'మీరే అడగండి,' అన్నాను.

'నేనేం రాస్తానే, నా అక్షరాలు నాకే అర్థం కావు. అయినా ఏమని రాయను? నీ సంపాదన నీళ్లపాలు చేశామని రాయనా?'

అందుకని నేనే అడుగుతున్నాను. నీ పేరు నిన్ను అడక్కుండా ఒకసారి చెప్పాను. రెండోసారి ఆ పని చెయ్యను. నువ్వు సరేనంటే నోటీసుకి అట్లాగే జవాబిస్తాం. కాదంటే కాదని రాయి, ఇంకేదైనా దారి ఉంటే వెతుకుతాను, బ్రహ్మయ్య సార్‌ని కూడా పీక్కుతింటాను. కోపం వస్తే కోపం రాయి. నేను చేసింది ఒప్పని చెప్పించుకోవడానికి ఇది రాయడం లేదు. మళ్లీ ఆ బడిలో నిలబెట్టినా అదే చెబుతాను. కానీ నీకు నష్టం చేశానన్న మాట నిజం, అది కూడా అంతే గట్టిగా చెబుతాను.

ఒక్కటి మాత్రం నా మాట విను. జవాబు నాకు రాయకు. మిలిటరీకి వెళ్లిన దగ్గర నుంచి ఉత్తరాలన్నీ నాకే రాస్తున్నావు, చివర్లో నాన్నని అడిగానని చెప్పు అని ఒక ముక్క. ఆయన ఆ ముక్క కోసం వరండాలో నిలబడి, నేను మొత్తం చదివేదాకా దూడని కట్టేస్తున్నట్టు నటించడం నేను చూస్తూనే ఉన్నాను. ఈసారి కవరు మీద ఆయన పేరు రాయి. లోపల మొదటి లైను నుంచి చివరి దాకా ఆయనకే రాయి. చదివాక నాకు చూపిస్తారో లేదో నేనూ చూస్తాను.

స్వెట్టరు వేసుకో. నూనె మరక పోవాలంటే శనగపిండి రుద్ది ఉతుకు.

ఇట్లు,
నిన్ను అడక్కుండా నీ పేరు చెప్పి, ఇప్పుడు నీ మాట కోసం ఎదురుచూస్తున్న
మీ అమ్మ,
కనకదుర్గ.